భీముడు తవ్విన తొట్లు

మా పెదమావయ్య చెప్పిన చరిత్రలో సగం తప్పు. ఆ సంగతి నాకు పెద్దయ్యాకగానీ తెలియలేదు. తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఇవాళ్టికీ భీమిలి పేరు వింటే ముందు ఆయన చెప్పిందే గుర్తొస్తుంది, పుస్తకాల్లో చదివింది ఆ తర్వాతే.

మాది విజయనగరం. ఎండాకాలం సెలవులిచ్చిన మర్నాడే అమ్మ మమ్మల్ని బస్సెక్కించేది. తగరపువలసలో దిగి ఇంకో బస్సు పట్టుకుంటే భీమిలి. అమ్మమ్మ ఇల్లు సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉన్న పెంకుటిల్లు. రాత్రి కరెంటు పోగానే (అది రోజూ పోయేది) అందరం వీధరుగు మీదికి చేరేవాళ్లం. మొదటి రెండు రోజులూ కెరటాల చప్పుడుకి నిద్ర పట్టేది కాదు. మూడో రోజు నుంచి ఆ చప్పుడు వినపడేదే కాదు. విజయనగరం తిరిగెళ్లాక మళ్లీ రెండు రాత్రులు అది లేక నిద్ర పట్టేది కాదు.

పెదమావయ్య చిట్టివలస జూట్ మిల్లులో పని చేసేవాడు. షిఫ్టు దిగి ఇంటికొస్తే చొక్కా నిండా జనపనార నూగు. ఆయనకీ అత్తయ్యకీ పిల్లల్లేరు. సెలవులు రెండు నెలలూ నేనూ తమ్ముడూ ఆ ఇంటి పిల్లలం. ఆదివారం పొద్దున్నే ఆవకాయతో చద్దన్నం తిని ఆయన సైకిలు తీసేవాడు. ముందు కడ్డీ మీద తువ్వాలు మడిచి వేసి తమ్ముణ్ని, వెనక క్యారియర్ మీద నన్ను కూర్చోబెట్టుకుని, “సూసొద్దాం పదండి” అనేవాడు. ఏం చూడ్డానికో ఎప్పుడూ ముందుగా చెప్పేవాడు కాదు.

ఇదంతా 1987 నుంచి 1991 దాకా మాట. అప్పటికి బీచ్ రోడ్డంటే ఒక సన్నటి తారు రోడ్డు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు, మధ్యలో సరుగుడు తోటలు, తాటిచెట్లు, జీడిమామిడి తోటలు. అక్కడక్కడా జాలరిపేటలు. ఇసకలో బోర్లించిన తెప్పలు, ఆరబెట్టిన వలలు. తూర్పు కనుమలు ఇంచుమించు సముద్రంలోకి అడుగుపెట్టే చోటు ఇది. గోదావరి దిగువన తీరం చదునుగా, బురదగా ఉంటుందని నేను పెద్దయ్యాక కాకినాడ వెళ్లేదాకా నాకు తెలియదు. సముద్రమంటే కొండల కింద, రాళ్ల మీద పడి తెల్లగా పగిలేదే అనుకునేదాన్ని.

ఎక్కువసార్లు వెళ్లింది డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి. అది ఇంటికి దగ్గర. మావయ్య వాళ్లని ‘ఒలందా దొరలు’ అనేవాడు. అంత పాత మాట ఆయనకి ఎక్కడ దొరికిందో. పిరమిడ్‌లా మొన తేలిన ఎత్తైన కట్టడాలు కొన్ని, నేల మీద పరిచినట్టున్న పెద్ద పెద్ద రాతి పలకలు కొన్ని. వాటి మధ్య దాగుడుమూతలు ఆడేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం సిగ్గుగా ఉంటుంది కానీ, అప్పుడు వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. మేకలు కూడా అక్కడే మేసేవి.

నేను అప్పుడే ఆరో తరగతిలోకి వచ్చాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఓ పలక మీద చెక్కిన అక్షరాలన్నీ తెలిసినవే, మాట మాత్రం ఒక్కటీ తెలియదు. హెచ్, ఐ, ఇ, ఆర్. ‘ఇక్కడ’ అని రాయబోయి స్పెల్లింగు తప్పు చెక్కేశారనుకున్నాను. మావయ్యని అడిగితే, “అది పాత ఇంగ్లీషే. మన పాత తెలుగు మనకి అర్థమవుతాదేటి?” అన్నాడు. నాకు ఆ జవాబు చాలా సబబుగా అనిపించింది. బళ్లో టీచరుకి కూడా అదే చెప్పాను.

అది డచ్చి భాష అని, మాట అర్థం మాత్రం నేననుకున్నట్టు ‘ఇక్కడ’ అనేనని కాలేజీలో ఉండగా తెలిసింది. ‘ఇక్కడ విశ్రమిస్తున్నారు’ అని మొదలుపెడతారట. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో ఇక్కడికొచ్చి బట్టల వ్యాపారానికి స్థావరం పెట్టుకున్నారు. 1754లో మరాఠాలు వచ్చి మీద పడ్డారు. అయినా వదల్లేదు. చివరికి ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం కుదిరి 1825లో ఊరు వాళ్ల చేతిలో పెట్టి వెళ్లిపోయారు. కోట పోయింది, గిడ్డంగులు పోయాయి, సమాధులు మిగిలాయి. ఆ తర్వాత భీమిలి ఇంగ్లీషువాళ్ల రేవు. పెద్ద ఓడలు దూరంగా లంగరేసి నిలబడితే, పడవల మీద సరుకు చేరవేసేవాళ్లట. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు ఇది. మావయ్య ఈ ఒక్క సంవత్సరాన్ని మాత్రం ఎప్పుడూ తప్పు చెప్పలేదు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా ముందు ఆ అంకె వాళ్ల చేతిలో పెట్టాకే కాఫీ ఇప్పించేవాడు.

పాత లైట్‌హౌసు, గంటస్తంభం, చర్చి దారిలోనే పలకరించి వెళ్లే చుట్టాల్లాంటివి. లైట్‌హౌసుకి ఎప్పుడూ తాళమే. లోపల ఏముంటుందని అడిగితే “మెట్లు” అన్నాడు. దానికి మాత్రం కథేమీ కట్టలేదు, ఎందుకో.

కథలన్నీ భీముడికే. ఊరిపేరు భీమునిపట్నం కదా మరి. బకాసురుణ్ని భీముడు చంపింది ఇక్కడేనని ఊళ్లో పెద్దవాళ్లంతా చెప్పేవాళ్లు. మావయ్య అంతటితో ఆగడు. బకాసురుడు పడ్డ చోటు, కూలబడ్డప్పుడు వాడి మోకాలు గుచ్చుకున్న చోటు, బండి మీది అన్నం ఒలికిన చోటు, అన్నీ వరసగా చూపించేవాడు. వాడి నెత్తురు కారి గడ్డకట్టిందే ఎర్రమట్టి దిబ్బలు.

ఎర్రమట్టి దిబ్బల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే అక్కడ మా తమ్ముడు తప్పిపోయాడు.

భీమిలి నుంచి విశాఖపట్నం వైపు నాలుగైదు కిలోమీటర్లు వెళ్తే కుడిచేతి వైపు నేలంతా ఎర్రబారిపోతుంది. బయటనుంచి చూస్తే మామూలు దిబ్బలే. లోపలికి దిగితేగానీ తెలియదు. వానలు కోసిన సన్నటి గెడ్డలు, అటూ ఇటూ మనిషికి రెండింతలెత్తున నిలువు గోడలు, తల పైన ఆకాశం ఒక చీలికలాగా. గోడల నిండా గీతలు, ముడతలు. ఒక గెడ్డలోంచి ఇంకో గెడ్డ, దాంట్లోంచి మరోటి. ఏ మలుపు చూసినా ఇందాక దాటిందే అనిపిస్తుంది. కాలి కింద ఇసక ముందు వెచ్చగా ఉండి, నీడలోకి వెళ్లగానే చల్లబడుతుంది.

తమ్ముడు ఒక తొండ వెంట పడ్డాడు. ఇప్పుడే ఇక్కడున్నాడు, ఇప్పుడు లేడు. ముందు మావయ్య నవ్వాడు. తర్వాత పిలిచాడు. తర్వాత గట్టిగా అరిచాడు. ఆ గోడలు అరుపుని మింగేస్తాయి. కొండల్లో అయితే మాట తిరిగొస్తుంది, ఇక్కడ ఇసక తాగేస్తుంది. అడుగుజాడలు పట్టుకుని వెళ్దామంటే మేకల గిట్టలు, జీడిపిక్కలు ఏరుకునేవాళ్ల పాదాలు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. మావయ్య నా చెయ్యి పట్టుకుని పరిగెడుతుంటే ఆయన అరచెయ్యి తడిగా తగలడం నాకు బాగా గుర్తు. పెద్దవాళ్లకి కూడా భయమేస్తుందని నాకు తెలిసింది ఆ రోజే.

గంట తర్వాత దొరికాడు. సముద్రం వైపు గెడ్డ బయటికి తెరుచుకునే చోట, ఒక మేకలావిడ పక్కన గట్టు మీద కూర్చుని జీడిమామిడి పండు తింటున్నాడు. చొక్కా ముందు భాగమంతా రసం. ఆవిడ మావయ్యని చూసి, “గుంటడు ఏడవనేదు బావూ, మీరే ఎక్కడో తప్పిపోయారని సెప్పాడు” అంది.

జీడిపండు మరక ఏం చేసినా పోదు. అత్తయ్య ఉతికింది, ఎండేసింది, మళ్లీ ఉతికింది. ఎలా అయిందని నిలదీస్తే మావయ్య తల వంచుకుని, “బకాసురుడి నెత్తురే, అంత తొందరగా పోదు” అన్నాడు. ఆ చొక్కా చాలా ఏళ్లు మా ఇంట్లో సైకిలు తుడిచే గుడ్డగా బతికింది.

ఆ దిబ్బలకి బకాసురుడికంటే పాత కథే ఉంది. వేల ఏళ్ల కిందట, భూమ్మీద మంచు పేరుకుపోయి సముద్రం వెనక్కి తగ్గిన రోజుల్లో, బయటపడ్డ ఇసకని గాలి లోపలికి తోసుకొచ్చి కుప్పలు పోసింది. ఇసకలోని ఇనుము తుప్పు పట్టి రేణువులకి ఎర్రటి పూతలా అంటుకుంది. తర్వాత వానలు ఆ కుప్పల్ని కోసుకుంటూ పోయాయి. దక్షిణాసియాలో ఇలాంటివి ఇంకా తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయంటారు. 2014లో భూగర్భ పరిశోధనవాళ్లు దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. పేపర్లో ఆ వార్త చూసి తమ్ముడికి ఫోన్ చేస్తే, “నేను తప్పిపోయినప్పుడే ఎక్కించాల్సింది” అన్నాడు.

అక్కణ్నుంచి ముందుకి, మంగమారిపేట దగ్గర ఒడ్డున ఒక రాతి తోరణం ఉంది. కెరటాలు తొలిచి తొలిచి మధ్యలో కన్నం చేసేసిన బండ. తిరుమల శిలాతోరణం పేరు విన్నవాళ్లకి దీని సంగతి తెలియదు. నీరు తగ్గిన వేళ చూడాలి. పోటు మీద ఉన్నప్పుడు దగ్గరికి పోకూడదు, ఆ బండలకి నాచు పట్టి ఉంటుంది. నేను ఒకసారి పడ్డాను, మోచెయ్యి మీద ఆనవాలు ఇంకా ఉంది. దీనికి మావయ్య కథ: భీముడు గద ఆనించిన చోటు. నిజం చెప్పొద్దూ, ఇది ఆయన కథల్లో బొత్తిగా బలహీనమైనది. ఎండ ఎక్కువై తొందరగా చెప్పేశాడని నా అనుమానం.

తొట్లకొండకి వద్దాం.

1989 ఎండాకాలం. సైకిలు కింద చెట్టుకి కట్టేసి, కాలిబాటన ఎక్కాం. అంతకు ముందేడాది కూడా ఎక్కాం కానీ, అప్పుడు మా కళ్లకి తుప్పలు, రాళ్లు, బండలో తొలిచిన నీళ్ల తొట్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆ తొట్లవల్లే ఆ పేరు. భీముడు స్నానానికని తవ్వుకున్నాడు. ఇన్నెందుకంటే, అన్నదమ్ములు అయిదుగురు కదా. మరి అయిదుకంటే ఎక్కువున్నాయేమని తమ్ముడు లెక్కపెట్టి అడిగితే, “ద్రౌపదికి అక్కర్లేదేటి?” అన్నాడు. అప్పటికీ లెక్క సరిపోలేదు. మిగిలినవి చుట్టాలకి.

ఈసారి ఎక్కేసరికి పైన మనుషులున్నారు. తుప్పలు కొట్టేశారు. నేల మీద తాళ్లు కట్టి గళ్లు గళ్లుగా విడదీశారు. కూలీలు గంపలతో మట్టి మోస్తున్నారు, ఇద్దరు ఆడవాళ్లు జల్లెడ పడుతున్నారు. మట్టి కింద నుంచి ఎర్రటి ఇటుకల వరసలు లేస్తున్నాయి. గుండ్రంగా ఒకటి, పలకలుగా గదులు గదులుగా ఇంకోటి. ఎవరో ఇల్లు కట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసినట్టుగా ఉంది. టోపీ పెట్టుకున్న ఒక కుర్రాడు, ఆఫీసరో విద్యార్థో తెలియదు, తాడు దాటొద్దని అన్నాడే గానీ కసురుకోలేదు. మమ్మల్ని నీడన నిలబెట్టి చెప్పాడు. ఇక్కడ రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులుండేవాళ్లని, వానాకాలం ఊళ్లు తిరగడం మానేసి ఒకచోట ఉండేవాళ్లని, ఆ గుండ్రటిది స్తూపమని, గదులు వాళ్ల పడకలని, తొట్లు వాన నీళ్లు పట్టుకోవడానికని. కొండ మీద బావి తవ్వితే నీళ్లెక్కడ పడతాయి మరి.

మావయ్య చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా అంతా విన్నాడు. మధ్యలో “ఔనాండీ” అన్నాడు కూడా. కొండ సగం దిగాక నెమ్మదిగా, “మంచి కుర్రాడు. పాపం, సదువుకున్నోడు కదా” అన్నాడు.

ఆ తవ్వకాలు 1988లో మొదలై 1993 దాకా సాగాయని తర్వాత చదివాను. ఆ చోటు బయటపడడం కూడా చిత్రంగానే జరిగింది. 1970లలో నౌకాదళంవాళ్లు తమ అవసరం కోసం ఈ కొండల్ని సర్వే చేస్తుంటే ఇది కంటపడింది. భిక్షువుల కాలానిదీ నౌకాదళానిదీ ఒకే అవసరం. సముద్రం ఎంత దూరం కనపడుతుంది అన్నదే. కొండ ఎత్తు 128 మీటర్లు. పైన నిలబడితే ఒడ్డు ఒంపంతా కాళ్ల కింద పరిచినట్టుంటుంది. ఓడల మీద వచ్చే వర్తకులకి ఈ కొండ మీది స్తూపం దూరం నుంచే కనపడి ఉంటుంది. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. రోములో చేతులు మారిన వెండి, మా మావయ్య సైకిలు కట్టేసిన చెట్టుకి పైన మట్టిలో.

ఇలాంటి కొండలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. వాన నీళ్లు పట్టే బావులున్నది బావికొండ. భీమిలి పక్కనే పావురాలకొండ, మేం నరసింహస్వామి కొండ అనే అనేవాళ్లం. పేర్లు పెట్టినవాళ్లకి బౌద్ధం గుర్తులేదు. తొట్లు, బావులు, పావురాలు కనపడ్డాయి, అవే పెట్టేశారు. మావయ్యదీ అదే పద్ధతి, కాకపోతే ఆయన భీముణ్ని కూడా కలిపాడు.

సెలవుల చివర్లో, మేం ఊరెళ్లే ముందు, ఒక్కరోజు విశాఖపట్నం. బస్సులో. అది మాకు ఇచ్చే వీడ్కోలు లాంటిది. అత్తయ్య పుట్టిల్లు వన్‌టౌన్‌లో. అక్కడ అన్నం తిని, ఎండ తగ్గాక కొండెక్కేవాళ్లం. హార్బరు దగ్గర పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఇంకోదాని మీద చర్చి, మరోదాని మీద దర్గా. ఆ గుడిని 1866లో ఒక ఇంగ్లీషు కెప్టెన్ కట్టించాడని మావయ్య చెప్తే మేమిద్దరం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. ఇంగ్లీషువాడు వెంకన్నకి గుడి కట్టడమేంటి? ఇంకా నయం, భీముడు కట్టించాడనలేదు.

ఎదురుగా, ఓడలు హార్బరులోకి వచ్చే ఛానెల్‌కి అవతల యారాడ కొండ, డాల్ఫిన్ ముక్కు. సముద్రంలోకి మూతి సాచి పడుకున్నట్టుంటుంది. దాని మీద లైట్‌హౌసు. చీకటి పడ్డాక అది తిరగడం మొదలుపెట్టేదాకా మేం కదిలేవాళ్లం కాదు. ఆ కొండ కిందనుంచి ఓడ ఒకటి లోపలికి వస్తుంటే మావయ్య అన్నాడు. “అదిగో, ఆ రాళ్ల గట్టు కనిపిత్తందా? దాని కింద రెండు ఓడలున్నాయి. కావాలనే ముంచేశారు.”

మేం నవ్వాం. పడీ పడీ నవ్వాం. తొట్లూ గదా బకాసురుడూ అన్నీ నమ్మినవాళ్లం, దీన్ని నమ్మలేదు. అప్పటికి పెద్దవాళ్లమవుతున్నాం మరి. బంగారంలాంటి ఓడల్ని ఎవరైనా చేతులారా ముంచుకుంటారా? మావయ్య మొహం చిన్నబుచ్చుకుని, “నాను సెప్పేది నిజమే” అన్నాడు. ఆ ‘నిజమే’ అనడం కొత్త. వేరే కథలకి ఎప్పుడూ ఆ మాట వాడలేదు.

అది నిజమే. పదిహేనేళ్ల తర్వాత ఏదో పాత పత్రికలో పోర్టు చరిత్ర చదువుతుంటే కనపడింది. దక్షిణం వైపు నుంచి కెరటాలు ఇసకని ఒడ్డు వెంబడి తోసుకొస్తూ ఉంటాయి. అది ఛానెల్ మూతిలో పేరుకుంటే ఓడలు లోపలికి రాలేవు. అందుకని హార్బరు కట్టేటప్పుడు పాతబడిన రెండు ఓడల్ని, జానస్, వెల్లెడ్సన్ అని వాటి పేర్లు, తెచ్చి రాళ్లతో సహా ముంచి అడ్డుగట్టు చేశారు. 1933లో పోర్టు తెరిచారు. ఆ పత్రిక పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. గుడి సంగతి కూడా ఊళ్లో అందరూ చెప్పేదే. లెక్క చూస్తే ఆయన విశాఖపట్నంలో చెప్పినవి దాదాపు అన్నీ సరైనవే. సొంతూరి దగ్గరికి వచ్చేసరికే చెయ్యి జారేది.

అత్తయ్యకి కథలు రావు. ఆవిడకి ఉన్నది ఒక్కటే, అదీ అడిగితేనే. 1971 డిసెంబరు 3 రాత్రి, తెల్లారితే నాలుగో తారీకు. యుద్ధం రోజులు. దీపాలు ఆర్పేసి కిటికీలకి నల్ల కాగితాలు అంటించుకున్నారట. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు, కిటికీ అద్దాలు గలగలా వణికాయి. వాళ్ల నాన్నగారు ఉరుమేలే పడుకోమన్నారట. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ హార్బరు బయట మునిగిపోయిందని తర్వాత తెలిసింది. “ఉరుమైతే కిందనుంచి రాదు కదా” అనేది అత్తయ్య. అంతే కథ. ఆ ఒక్క వాక్యం కోసం ఎన్నిసార్లు అడిగించుకున్నామో.

మన జలాంతర్గామి కురుసుర 2001లో రిటైరై, మరుసటేడు ఆర్కే బీచ్‌లో మ్యూజియం అయ్యింది. 91 మీటర్ల పొడవు. ఒడ్డుకి చేర్చగానే మావయ్య టికెట్టు కొనుక్కుని వెళ్లి, లోపల తలుపు చట్రానికి నుదురు కొట్టుకుని, బొప్పితో ఇంటికొచ్చాడు. “మనుషులు అందులో నెలల తరబడి ఉండేవారంటే నమ్మలేం” అన్నాడు. ఆయన నోట నమ్మలేం అన్న మాట వినడం అదే మొదటిసారి.

తర్వాత్తర్వాత రోజులు తొందరగా నడిచిపోయాయి. అమ్మమ్మ పోయింది. మిల్లు మూతపడింది. రోడ్డు నాలుగు వరసలైంది, రుషికొండ చుట్టూ భవనాలు లేచాయి, సరుగుడు తోటలున్న చోట రిసార్టులొచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మూడు రోజులు భీమిలికి ఫోన్ కలవలేదు. నాలుగో రోజు తమ్ముడు మోటారుసైకిలు మీద వెళ్లాడు. దారి పొడుగునా చెట్లు పడి ఉన్నాయట, కైలాసగిరి మీద పచ్చదనమంతా ఎవరో కాల్చేసినట్టు గోధుమరంగులోకి తిరిగిపోయిందట. ఇంటి పైకప్పు పెంకులు సగం వీధిలో ఉన్నాయి. మావయ్య, అత్తయ్య వంటింట్లో బల్ల కింద రాత్రంతా కూర్చున్నారు. ఆ పైన వాళ్లని తమ్ముడు విశాఖలో తనతోపాటే ఉంచుకున్నాడు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నేనూ మా అమ్మాయీ మావయ్యని కారులో తీసుకుని బయల్దేరాం. ఆయనకి ఎనభై దాటాయి. మోకాళ్లు సహకరించవు. ముందు సీట్లో కూర్చుని కిటికీ అద్దం దించమన్నాడు, ఏసీ వద్దన్నాడు. తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్, వరసగా పేర్లు చెప్పుకుంటూ వచ్చాడు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర కారాపి అమ్మాయికి తమ్ముడి కథ చెప్తుంటే, గంట కాదు రెండు గంటలు అన్నాడు. మేకలావిడ కాదు, జీడితోట కావలి ముసలాయన అన్నాడు. నేను వాదించలేదు. అప్పటికి నాకు పదకొండేళ్లు, ఆయనకి నలభై అయిదు. ఎవరి జ్ఞాపకం నిలబడుతుందో నేను చెప్పలేను.

భీమిలిలో ఇల్లు లేదు, అమ్మేశాం. దాని ముందు కారు నెమ్మది చేశాను, ఆయన అటు చూడలేదు. సమాధుల దగ్గర గేటు వేసి ఉంది. ఊచల సందుల్లోంచి చూసి మా అమ్మాయి ఫోన్‌లో ఫొటో పెద్దది చేసి, ఆ భాషేంటో దాన్నే అడిగింది. చిటికెలో చెప్పేసింది. మావయ్య, “పాత ఇంగ్లీషే కదా?” అన్నాడు. “కాదు తాతయ్యా, డచ్చి” అంది. ఆయన ఔనా అన్నట్టు తలూపి, చేతికర్ర అటూ ఇటూ తిప్పుకున్నాడు.

తిరిగి వస్తూ తొట్లకొండ ఎక్కించాం. ఇప్పుడు పైదాకా కారు వెళ్తుంది. కారు ఆపిన చోటు నుంచి ఇటుకల దాకా ఆ కాస్త నడక కూడా ఆయనవల్ల కాలేదు. తలుపు తెరిచిపెట్టి, కాళ్లు బయటికి దించుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. మేం వెళ్లి చూసొచ్చాం. బోర్డులున్నాయి. ఏది భోజనశాలో, ఏది వంటిల్లో, ఏది భిక్షువులు కూడుకునే మండపమో రాసిపెట్టారు. రాతి పలకలు పరిచిన పాత దారి ఉంది. అమ్మాయి ప్రతి బోర్డూ చదివింది. తాడు దాటొద్దన్న కుర్రాడు నిలబడ్డ చోటు ఏదా అని నేను వెతుక్కున్నాను, దొరకలేదు.

కిందికొచ్చేసరికి గాలి బాగా వీస్తోంది. మావయ్య తువ్వాలు తలకి చుట్టుకున్నాడు.

“తొట్లలో నీళ్లున్నాయా?”

“కొంచెం ఉన్నాయి మావయ్యా. పాచి పట్టాయి. కప్పలున్నాయి.”

అమ్మాయి ఆగలేకపోయింది. “తాతయ్యా, అవి భిక్షువులు వాన నీళ్ల కోసం తొలిచారంట. బోర్డు మీద ఉంది.”

ఆయన దానికేసి చాలా మర్యాదగా చూశాడు. చేతులు కట్టుకున్నాడు. “ఔనా అమ్మలూ” అన్నాడు. తలుపు వేసి కారు తిప్పి, మొదటి మలుపు దిగానో లేదో, నా వైపు కొంచెం వంగి, వెనక సీటుకి వినపడకుండా అన్నాడు.

“మంచి పిల్ల. పాపం, సదువుకుంది కదా.”